అనుకోనిది వచ్చిన రోజూ పని నడవాలంటే: చిన్న సంస్థలకు, టీములకు ఒక సమగ్ర మార్గదర్శి

2024 జులై 19న ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ దానికి కారణం. మైక్రోసాఫ్ట్ లెక్కలో దెబ్బతిన్నవి సుమారు 85 లక్షలు. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో వాళ్లు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో ఫోన్లన్నీ తిరిగింది. ఈ కాలంలో ఇదేం ఖర్మ అని జనం నవ్వుకున్నారు.

నాకైతే ముచ్చటేసింది. ఆ ఖాళీ ఫారాలు ఎవరో ముందే అచ్చువేయించి ఒక అరలో పెట్టి ఉంచారు. వాటిలో ఏ గడిలో ఏం రాయాలో కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు తెలుసు. చేత్తో రాసిన కాగితం పట్టుకొచ్చిన ప్రయాణికుణ్ని గేటు దగ్గర పంపించారు. వస్తువు, పని తెలిసిన మనిషి, అనుమతి. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ గండం వచ్చిన పూట పుట్టదు. మామూలు రోజుల్లో, డబ్బు దండగ అనిపిస్తున్నప్పుడే వాటిని సమకూర్చుకోవాలి. ఈ వ్యాసమంతా ఆ ఖర్చు ఎక్కడ పెట్టాలన్నదాని గురించే.

పదిమంది నుంచి వందమంది వరకు పనిచేసే చోటును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గాల్లో మాట్లాడకుండా ఉండటానికి ఒక ఉదాహరణ పట్టుకుందాం: ఒక జిల్లా కేంద్రంలో ముప్పైమంది పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్. రిసెప్షన్, బిల్లింగ్, రక్తం తీసే గది, ల్యాబ్, ఇళ్లకు వెళ్లి శాంపిళ్లు తెచ్చే నలుగురు కుర్రాళ్లు, వెనకాల షెడ్డులో జనరేటర్. మీది ప్రింటింగ్ ప్రెస్సయినా, స్కూలయినా, సాఫ్ట్‌వేర్ టీమయినా పేర్లు మార్చుకుని చదువుకోండి.

మొదటి మెట్టు: ఏది ఆగితే కొంప మునుగుతుందో తేల్చుకోండి

చాలాచోట్ల ఈ పని ప్రమాదాల జాబితాతో మొదలుపెడతారు. తుపాను, అగ్నిప్రమాదం, బంద్, వైరస్, హ్యాకింగ్ అంటూ నాలుగు పేజీలు నిండుతాయి. ఆ ఫైలు బీరువాలోకి వెళ్తుంది. రాబోయేది ఆ జాబితాలో ఉంటుందన్న హామీ మాత్రం లేదు. 2020 ఫిబ్రవరిలో ఎవరి జాబితాలోనైనా దేశవ్యాప్త లాక్‌డౌన్ ఉందా?

కారణాలు లెక్కలేనన్ని ఉండొచ్చు. పనిచోటు మీద వాటి దెబ్బ మాత్రం ఐదారు రకాలుగానే పడుతుంది: మనుషులు రాలేకపోవడం, కరెంటో నీళ్లో నెట్టో లేకపోవడం, బిల్డింగులోకి అడుగుపెట్టలేకపోవడం, సరుకు రాకపోవడం, కంప్యూటర్లు పడుకోవడం, లేదా ఒక్కసారిగా రెండు మూడింతల పని వచ్చి మీద పడటం. బంద్ అయినా వరదయినా టెక్నీషియన్ రాకపోతే ల్యాబ్‌కు జరిగేది ఒకటే. కాబట్టి ఈ ఆరింటికి సిద్ధపడండి. కారణమేంటో ఆ రోజు చూసుకోవచ్చు.

తర్వాత మీ పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన "ఇది ఎంతసేపు ఆగొచ్చు?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. మన సెంటర్‌లో ఈ లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రోజూ ఎక్కువ హడావుడి కనిపించే బిల్లింగ్ కౌంటర్ నిజానికి సాయంత్రందాకా ఆగినా ఏం కాదు, పుస్తకంలో రాసుకుని డబ్బు తీసుకోవచ్చు. ఇళ్లకు వెళ్లి శాంపిళ్లు తేవడం రేపటికి వాయిదా వేయొచ్చు. కానీ ఇప్పటికే తీసిన రక్తం ఆగదు. మామూలు ట్యూబులో ఉన్న రక్తంలోంచి సీరం (కణాలు పోగా మిగిలే ద్రవం) వేరు చేయకుండా వదిలేస్తే కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తగ్గిపోతుంది. పక్క ఆసుపత్రి ఐసీయూ నుంచి వచ్చిన శాంపిల్ అయితే అరగంట కూడా ఎక్కువే.

అంటే గండం వచ్చిన పూట మొదటి నిర్ణయం "కొత్త శాంపిళ్లు తీయడం ఆపండి, ఉన్నవాటిని గట్టెక్కించండి" అని. ఇది ముందే రాసి లేకపోతే ఏమవుతుందో తెలుసా? వరుసలో నిలబడ్డవాళ్లు కేకలేస్తున్నారు కాబట్టి రిసెప్షన్ కొత్త టోకెన్లు ఇస్తూనే ఉంటుంది. ఏది ముందు వదిలేయాలో, ఏది ఆఖరున వదిలేయాలో వరుస క్రమంలో రాసిపెట్టుకోండి. ఒక్క పేజీ చాలు.

రెండో మెట్టు: ఒక్కరి చేతిలోనే ఉన్న పనులను బయటకు లాగండి

నా దృష్టిలో ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికన్నా లాభసాటి మెట్టు ఇది. ఖర్చు దాదాపు లేదు, ఫలితం వారంలో కనిపిస్తుంది.

ఒక పెద్ద చార్టు తీసుకోండి. ఎడమవైపు మనుషుల పేర్లు, పైన పనులు. ప్రతి గడిలో ఒక అంకె వేయండి. సున్నా అంటే తెలియదు. ఒకటి అంటే పక్కన ఎవరైనా ఉంటే చేస్తారు. రెండు అంటే ఒంటరిగా చేస్తారు. మూడు అంటే ఇంకొకరికి నేర్పగలరు. నిలువు వరుసలో రెండుగానీ మూడుగానీ ఉన్నవాళ్లు ఇద్దరికి తగ్గితే ఆ పనికి ఎర్ర రంగు పూయండి. అంకెలు మేనేజర్ ఒక్కడే గదిలో కూర్చుని వేయకూడదు. అందరినీ పిలిచి, వాళ్లముందే వేయాలి. "నాకు రెండు వేశారేంటి సార్, ఆ మెషీన్ ఎర్రర్ ఇస్తే నేను సురేష్‌నే పిలుస్తా కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట కోసమే ఈ తతంగమంతా.

పనుల జాబితా రాసేటప్పుడు ఉద్యోగ వివరణలో ఉన్నవి మాత్రమే రాస్తే ఉపయోగం లేదు. ఎవరి పనిగానూ ఎక్కడా రాయని పనులే ఆ రోజు మెడకు చుట్టుకుంటాయి. జనరేటర్ ఆన్ చేసి, లైను కరెంటు నుంచి దాని మీదికి మార్చే చేంజోవర్ స్విచ్ తిప్పడం ఎవరికి తెలుసు? వాచ్‌మన్‌కు ఒక్కడికే. మేడమీద ట్యాంకు వాల్వు ఎక్కడుంది? రీఏజెంట్ల (పరీక్షల్లో వాడే రసాయనాల) సప్లయర్ దగ్గర ఆదివారం ఫోనెత్తే మనిషి నంబరు ఎవరి మొబైల్లో ఉంది? స్టోర్‌రూమ్ రెండో తాళంచెవి ఎవరింట్లో ఉంది?

ఇక మన దేశంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఓటీపీ. బ్యాంకు చెల్లింపుకు, జీఎస్టీ పోర్టల్‌కు, సర్వర్ అద్దెకు, చివరికి కొరియర్ ఖాతాకు కూడా ఓటీపీ ఓనరుగారి ఫోనుకే వెళ్తుంది. ఆయన తిరుమల క్యూలో, ఫోను లాకర్లో. ఆ పూట సంస్థ మొత్తం ఆయన దర్శనం అయ్యేదాకా ఆగాలి. సంస్థ పేరు మీద ఒక సిమ్ తీసుకుని, ఆ ఫోను ఆఫీసులోనే ఒకరి బాధ్యతలో ఉంచడం, బ్యాంకులో రెండో సంతకందారును పెట్టుకోవడం ఒక రోజు పని. ఎన్నిచోట్ల ఇది ఏళ్లతరబడి వాయిదా పడుతుందో చెప్పలేను.

ఎర్ర గడులు తగ్గించడానికి ట్రైనింగ్ క్లాసులు పెట్టక్కర్లేదు. వారానికి ఒక పూట పనులు మార్చండి. ఇక్కడ ఒక చిక్కుంది, దాచడం దేనికి: పని తన ఒక్కడికే తెలిసి ఉండటం చాలామందికి ఉద్యోగ భద్రత. నేర్పేస్తే తన అవసరం పోతుందన్న భయం ఉంటుంది, ఆ భయం వట్టిదేం కాదు. కాబట్టి అంకె మూడు ఉన్నవాళ్లకు ఇంక్రిమెంట్‌లో తేడా కనిపించాలి. నేర్పినందుకు జీతం పెరిగిందని ఒక్కసారి అందరూ చూస్తే ఆ తర్వాత మీరు బతిమాలాల్సిన పనుండదు.

పట్టిక నిజమో కాదో తేల్చడానికి సెలవును మించిన పరీక్ష లేదు. సున్నితమైన బాధ్యతల్లో ఉన్న ఉద్యోగులు ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, కనీసం 10 పనిదినాలు వరుసగా సెలవులో ఉండేలా చూడాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. దాని ఉద్దేశం మోసాలు పట్టుకోవడం. కానీ ఆ మనిషి లేకపోతే ఏ పని ఆగుతుందో కూడా దాంతోనే బయటపడుతుంది. మీకు పది రోజులు కుదరకపోతే రెండు రోజులు చాలు, ఫోన్ చేయకూడదన్న షరతు మీద. సంక్రాంతి వారం ఎటూ సగం మంది ఊళ్లకు వెళ్తారు. ఆ నాలుగు రోజులు ఎవరెవరికి ఎన్ని ఫోన్లు వెళ్లాయో రాసుకుంటే మీ ఎర్ర గడుల జాబితా ఉచితంగా తయారైనట్టే.

మూడో మెట్టు: ఖాళీ వదలండి, దాన్ని కాపాడండి

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన నీటిని పట్టి ఆపే జలాశయాలు కట్టాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. తర్వాత అవి తాగునీటికి పేరుపడ్డాయి గానీ, వరద ఆపే పని జలాశయంలో నీళ్లు లేని భాగమే చేస్తుంది. అంచుదాకా నింపుకున్న జలాశయం వచ్చిన వరదను వచ్చినట్టే కిందికి వదులుతుంది.

టీములూ అంతే. ప్రతి మనిషికీ రోజంతా సరిపడా పని, ప్రతి మెషీనూ నూటికి నూరు శాతం నడక, స్టాకు రేపటికి సరిగ్గా సరిపోయేంత. కాగితం మీద చాలా బాగుంటుంది. ఒక్కరికి జ్వరం వస్తే మిగతావాళ్ల పని కూడా తలకిందులవుతుంది.

ఎంత ఖాళీ ఉంచాలి? అన్ని పనులకూ ఒకే శాతం చెప్పే సలహాలను నేను నమ్మను. మొదటి మెట్టులో "ఆగకూడదు" అని తేలిన పనులకే ఖాళీ పెట్టండి, మిగతాచోట్ల బిగుతుగానే నడపండి. మన సెంటర్‌లో అయితే ల్యాబ్ టెక్నీషియన్లు అవసరానికి ఒకరు ఎక్కువ ఉండాలి, బిల్లింగ్‌లో అక్కర్లేదు. ఎక్కువ వాడే రీఏజెంట్లు అదనంగా ఒక వారానికి సరిపడా ఉండాలి, గడువు తేదీ దగ్గరపడేవాటిని ముందు వాడుతూ. పెద్ద అనలైజర్ ఆగిపోతే ముఖ్యమైన పదిపన్నెండు పరీక్షలు చేయగల చిన్న పాత మెషీన్‌ను అమ్మేయకుండా వారానికోసారి నడిపిస్తూ ఉంచాలి.

ఖాళీ అంటే అన్నీ మనమే కొని పెట్టుకోవాలని కూడా కాదు. 1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున జపాన్‌లోని కారియాలో ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే పి-వాల్వు అనే చిన్న భాగం దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. టయోటా నిల్వలు పెట్టుకోదని అందరికీ తెలిసిందే. కార్ల తయారీ దేశమంతా ఆగిపోయింది. వారాలు పడుతుందనుకున్నారు. కానీ ఐసిన్ తన డ్రాయింగులను అడిగినవాళ్లకల్లా ఇచ్చేసింది. సుమారు 200 కంపెనీలు తమ దగ్గరున్న సాధారణ యంత్రాల మీదే ఆ వాల్వులు చేయడానికి పూనుకున్నాయి. అందులో కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్ కూడా ఉంది. కొద్ది రోజుల్లోనే కార్లు మళ్లీ కదిలాయి. ఆ కంపెనీలన్నీ ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవి, ఒకరి పద్ధతి ఒకరికి తెలిసినవి. ధర మాట తర్వాత చూసుకుందామని ముందు పనిలోకి దిగాయి.

మీ ఊళ్లో మీ పోటీదారుతో అలాంటి మాట ఉందా? మా మెషీన్ ఆగితే మీరు మా శాంపిళ్లు చేయండి, మీది ఆగితే మేము చేస్తాం, ధర ఇంత. ఒక చాయ్ తాగుతూ ముగించుకునే ఒప్పందం ఇది. దాన్ని ఒక పేజీలో రాసుకుని సంతకాలు పెట్టుకోండి, ఆర్నెల్లకోసారి నాలుగు శాంపిళ్లు ఉత్తినే పంపి చూడండి. రెండు ల్యాబుల ఫలితాలూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో కూడా తెలుస్తుంది.

నాలుగో మెట్టు: ఎవరు ఏం నిర్ణయించవచ్చో రూపాయల్లో రాయండి

"సార్‌ని అడగాలి." మన ఆఫీసుల్లో గండం వచ్చిన మొదటి గంట ఈ రెండు మాటలతోనే గడిచిపోతుంది. సార్ ఫోన్ ఎత్తరు. ఎత్తేసరికి ఆయనకు కనిపించేది ఫోనులో చెప్పినంతే, చెప్పేవాడికి కనిపించేది కళ్లెదుట ఉన్నదంతా. అయినా నిర్ణయం ఆయనదే.

నిర్ణయాలను మూడు గంపల్లో వేయండి. అడగకుండా చేసేయదగ్గవి, చేసి చెప్పాల్సినవి, అడిగాకే చేయాల్సినవి. ప్రతిదానికీ హద్దు స్పష్టంగా ఉండాలి. "అవసరాన్ని బట్టి తగిన నిర్ణయం తీసుకోవచ్చు" అని రాస్తే ఎవరూ తీసుకోరు. "షిఫ్టులో ఉన్న సీనియర్ టెక్నీషియన్ 5,000 రూపాయల వరకు డీజిల్‌కు, ఆటోకు, బయటి ల్యాబ్‌కు తనే ఖర్చు చేయవచ్చు, బిల్లు మర్నాడు ఇస్తే చాలు" అని రాస్తే తీసుకుంటారు. ఆ 5,000 నగదుగా ఒక డబ్బాలో ఉండాలి కూడా. నెట్ లేని రోజు ఫోనులోని యూపీఐ యాప్‌ను నమ్ముకోలేం. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి టోకెన్లు ఆపేయవచ్చు, చేసి చెప్పాలి. రిపోర్టు లేకుండా నోటిమాటగా ఫలితం చెప్పడం మాత్రం డాక్టరును అడిగాకే.

అధికారం ఇచ్చారంటే, ఆ అధికారం వాడి ఎవరైనా కాస్త తప్పుగా నిర్ణయించినప్పుడు మీరేం చేస్తారన్నదే అసలు సంగతి. ఆటోకు 400 బదులు 700 పెట్టాడని నలుగురిలో అడిగితే, ఆ కాగితం అక్కడితో చిత్తు కాగితమే. తర్వాత అందరూ మళ్లీ సార్‌నే అడుగుతారు.

దీనికి రెండో ముఖం కిందివాళ్లు పైవాళ్లతో నోరు విప్పగలగడం. 1978 డిసెంబరు 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ విమానం పోర్ట్‌ల్యాండ్ దగ్గర చక్రాల సమస్య చూసుకుంటూ సుమారు గంటసేపు గాల్లో తిరిగింది. ఇంధనం తరిగిపోతోందని ఫ్లైట్ ఇంజినీరుకు తెలుసు. చెప్పాడు కూడా, కానీ కెప్టెన్ ధ్యాస మళ్లేంత గట్టిగా చెప్పలేదు. ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోయి విమానం ఇళ్ల మధ్య కూలింది, పదిమంది చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాతే విమానయానంలో క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అన్న శిక్షణ ఊపందుకుంది: కిందివాళ్లు ఎలా గట్టిగా చెప్పాలి, కెప్టెన్ ఎలా వినాలి అన్నది అందులో పెద్ద భాగం.

మన దగ్గర మర్యాద ఎక్కువ కాబట్టి ఇది ఇంకా కష్టం. పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం పొగరు కింద లెక్క. మర్యాద చెడకుండానే చెప్పే వాక్యాలు ముందే ఒప్పుకుని ఉంటే సగం బరువు తగ్గుతుంది. మొదటిసారి కనిపించింది మాత్రం చెప్పాలి: "సార్, ఫ్రిజ్‌లో 12 డిగ్రీలు చూపిస్తోంది." వినకపోతే రెండోసారి దాని పర్యవసానం కలిపి చెప్పాలి: "సార్, 12 డిగ్రీలుంది, 8 దాటితే ఈ రీఏజెంట్లు నమ్మకూడదు, ఫలితాలు తప్పొస్తాయి." అప్పటికీ కదలిక లేకపోతే అందరూ ముందే ఒప్పుకున్న ఆఖరి మాట: "సార్, ఒక్క నిమిషం ఆపుదాం." ఈ మాట ఎవరన్నా, నిన్న చేరిన కుర్రాడన్నా, పని ఆగాలి. ఆపి చూశాక ఏమీ లేదని తేలినా, ఆపినవాణ్ని ఒక్క మాట కూడా అనకూడదు. ఈ నియమాన్ని మొదటిసారి పాటించాల్సింది సారే, అదీ అందరూ చూస్తుండగా.

ఐదో మెట్టు: కాగితం దారి, దాంతోపాటు కారణం

కంప్యూటర్ లేకుండా పని ఎలా నడుస్తుందో రాసి, ఫారాలు అచ్చువేసి, ఒక డబ్బాలో పెట్టండి. మన సెంటర్ డబ్బాలో ఏముండాలంటే: పేరు, వయసు, ఫోను, పరీక్ష, తీసిన సమయం రాసే రిజిస్టరు, ముందే నంబర్లు అచ్చయిన స్టిక్కర్లు, కార్బన్ పెట్టిన రసీదు పుస్తకం, పరీక్షల ధరల పట్టిక, చేత్తో నింపే రిపోర్టు ఫారాలు, వాటి మీద మామూలు విలువల హద్దులు అచ్చయి. స్టిక్కర్ నంబర్లు కంప్యూటర్ ఇచ్చేవాటితో కలవకుండా వేరే వరుసలో ఉండాలి, ఉదాహరణకు 9తో మొదలయ్యేవి. కంప్యూటర్ తిరిగి వచ్చాక ఎవరు ఎక్కించాలి, ఎక్కించినదాన్ని ఎవరు సరిచూడాలి అన్నది కూడా అదే డబ్బాలో రాసి ఉండాలి. తప్పులు ఎక్కువగా ఆ తిరిగి ఎక్కించే వేళే దొర్లుతాయి.

అయితే ఫారాలు, నియమాలు ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. అక్కడినుంచి మనిషి సొంత బుర్ర వాడాలి, దానికి కారణం తెలిసి ఉండాలి. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కరెంటు లేదు, ట్యూబులను గిర్రున తిప్పి సీరం వేరు చేసే సెంట్రిఫ్యూజ్ తిరగడం లేదు, ముప్పై ట్యూబుల రక్తం టేబుల్ మీద ఉంది. కొత్త టెక్నీషియన్‌కు వెంటనే తట్టే ఆలోచన ఐస్‌బాక్సులో పెట్టడం. చల్లగా ఉంచితే పాడవదు కదా! కానీ సీరం వేరు చేయని రక్తాన్ని చల్లబరిస్తే కణాల్లోని పొటాషియం బయటకు కారుతుంది. రిపోర్టులో పొటాషియం ఎక్కువ వస్తుంది. పొటాషియం పెరగడమంటే గుండెకు ముప్పు, లేని జబ్బుకు డాక్టరు మందిస్తాడు. "వేరు చేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టరాదు" అని గోడమీద రాసి ఉన్నా, అది ఫ్రిజ్ గురించే అనుకుని ఐస్‌బాక్సులో పెట్టేస్తాడు. కారణం తెలిసినవాడు అలా పెట్టడు.

కాబట్టి మీ దగ్గరున్న ప్రతి ముఖ్యమైన నియమం కింద "ఎందుకంటే" అని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ నియమం అవసరమా అని కూడా ఆలోచించండి.

ఇంకొకటి. ఎంత గండమొచ్చినా సర్దుబాటు చేయకూడనివి రెండో మూడో ప్రతి వృత్తిలో ఉంటాయి. ల్యాబులో అయితే పేరు లేని ట్యూబును "ఇది ఆ పెద్దాయనదే అయ్యుంటుంది" అని నడిపించడం. కర్మాగారంలో అయితే సేఫ్టీ స్విచ్‌కు వైరు కట్టి మెషీన్ నడపడం. మనవాళ్లు సర్దుకుపోవడంలో ఘనులు, దాంట్లో గర్వమూ ఉంది. అందుకే ఈ జాబితా ఎర్ర సిరాతో విడిగా ఉండాలి, చిన్నదిగా ఉండాలి. పది అంశాలు పెడితే ఏదీ గుర్తుండదు.

ఆరో మెట్టు: స్థలం, వస్తువులు, వార్త

2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు బెల్‌వ్యూ ఆసుపత్రి జనరేటర్లు పదమూడో అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే పంపులు మాత్రం బేస్‌మెంటులో ఉన్నాయి. పంపులు మునిగాక జనం మెట్లమీద వరుసగా నిలబడి చేతుల మీదుగా డీజిల్ పైకి అందించారు. చివరికి ఆసుపత్రిని ఖాళీ చేయాల్సి వచ్చింది.

అందుకే "జనరేటర్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. గొలుసు మొత్తం చేత్తో తాకుతూ నడవండి: డీజిల్ ఎక్కడినుంచి వస్తుంది, బ్యాటరీ ఎప్పుడు మార్చారు, ప్యానెల్ నేలకు ఎంత ఎత్తులో ఉంది, జనరేటర్ మీద ఏయే ప్లగ్గులు నడుస్తాయి. ఆఖరి ప్రశ్న చాలామంది వేయరు. నడిచే ప్లగ్గులకు ఎర్ర టేపు అంటించండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు కింది అంతస్తులో ఉన్నవన్నీ నీళ్లపాలయ్యాయి. సర్వర్, యూపీఎస్, ముఖ్యమైన ఫైళ్లు, ఖరీదైన స్టాకు ఇవాళే ఒక అంతస్తు పైకి, అది లేకపోతే కనీసం నడుమెత్తుకు జరపండి.

వార్త చేరవేయడం గురించి హుద్‌హుద్ తుపానును చూసినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న అది విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, నగరంలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. వాట్సాప్ గ్రూపు మీదే ఆధారపడ్డ టీముకు అలాంటప్పుడు నోరు లేనట్టే. అందరి ఇంటి చిరునామాలు, ఎవరు ఎవరికి దగ్గర అన్నది కాగితం మీద రాసి, ముగ్గురి ఇళ్లలో ఉంచండి. "ఫోను లేకపోతే మర్నాడు ఉదయం 9కి ఫలానా చోట కలుద్దాం" అని ఒక జాగా అనుకోండి. ముందు తన ఇంటివాళ్లు భద్రంగా ఉన్నారని తేలాకే ఎవరైనా పనికి వస్తారు. ఆ మాట మీరే నోరారా చెప్పండి.

ఏడో మెట్టు: చిన్నగా, తరచుగా చెడగొట్టి చూడండి

నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు కేయాస్ మంకీ అనే ప్రోగ్రాం రాసుకుని, పనివేళల్లోనే తమ సొంత సర్వర్లను అక్కడొకటి ఇక్కడొకటి ఆపేయించేవారు. అందరూ మెలకువగా, ఆఫీసులో ఉన్నప్పుడు చెడితే బాగుచేయడం తేలిక. అలా బాగుచేస్తూ పోతే అర్ధరాత్రి చెడినా తట్టుకునేలా వ్యవస్థ తయారవుతుంది. ఆలోచన అంతే.

ఏడాదికోసారి బ్యానర్ కట్టి, ఫొటోలు దిగి చేసే మాక్‌డ్రిల్ కంటే, నెలకోసారి తక్కువ రద్దీ ఉన్న పూట గంటసేపు చేసేది నయం. "ఇప్పుడు 3 నుంచి 4 దాకా కంప్యూటర్ లేదు" అనండి. ఇంకో నెల "ఇవాళ మేనేజర్ గారు లేనట్టే, ఆయన కూర్చుని చూస్తారు గానీ నోరెత్తరు." రెండోది మేనేజర్‌కే ఎక్కువ కష్టమని గమనిస్తారు. ఇంకో నెల మెయిన్ స్విచ్ ఆపి జనరేటర్ మీదికి మారడం, అదీ వాచ్‌మన్ కాకుండా వేరేవాళ్ల చేత. మొదటి రెండుసార్లు గందరగోళంగా ఉంటుంది, ఫారం మీద గడి చాలదు, పెన్ను దొరకదు. అవన్నీ ఆ సాయంత్రమే సరిచేయండి. రోగులకూ కస్టమర్లకూ ఇబ్బంది కలిగేలా మాత్రం చేయకండి. నిజమైన శాంపిళ్లు ఉంటే డ్రిల్ వాయిదా వేయండి.

ఎనిమిదో మెట్టు: అయ్యాక కూర్చోండి

నిజమైన గండమైనా డ్రిల్ అయినా రెండు రోజుల్లోగా, అరగంట, అందులో ఉన్నవాళ్లందరూ. ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఏం మారుద్దాం. ముందు అందరికన్నా చిన్న ఉద్యోగి మాట్లాడాలి, ఓనరు ఆఖరున. ఓనరు ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఆ మాటకే తలూపుతారు. "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న ఈ అరగంటలో నిషేధం. క్రమశిక్షణ చర్య అవసరమైనంత పెద్ద తప్పయితే అది వేరే గదిలో, వేరే రోజు.

మార్పులు రెండు చాలు, మూడు ఎక్కువ. ఒక్కోదానికి ఒక పేరు, ఒక తేదీ. పదిహేను మార్పులు రాసుకున్న మీటింగులో ఒక్కటీ జరగదని చూస్తూనే ఉన్నాం.

రాత్రంతా మేలుకుని ఒంటిచేత్తో గట్టెక్కించినవాణ్ని పొగడండి, ఓవర్‌టైమ్ ఇవ్వండి, మర్నాడు సెలవివ్వండి. అయితే ప్రతిసారీ అదే మనిషి గట్టెక్కిస్తున్నాడంటే రెండో మెట్టు చార్టు మళ్లీ గోడకెక్కాలి. ఆ మనిషి అలిసిపోయి ఉద్యోగం మానేసే రోజు మీ డ్రిల్ షెడ్యూల్‌లో ఉండదు. ఇబ్బంది వల్ల రాలేకపోయినవాళ్ల జీతం కోయకండి కూడా. కోస్తే వచ్చేసారి ప్రమాదమని తెలిసినా నీళ్లలో ఈదుకుంటూ వస్తారు, లేదా నిజం చెప్పడం మానేస్తారు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఈ వారం చార్టు, ఓటీపీ ఫోను. వచ్చే నెలలో డబ్బా, డబ్బాలో నగదు, మూడు గంపల కాగితం. కోస్తాలో ఉన్నవాళ్లయితే తుపాన్లు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలల లోపే ఆరో మెట్టు పూర్తి చేసుకోవాలి. చార్టునూ ఫోను నంబర్ల కాగితాన్నీ మూడు నెలలకోసారి తిరగరాయండి, కొత్తగా ఎవరు చేరినా ఆ రోజే వాళ్ల పేరు ఎక్కించండి, మానేసినవాళ్ల దగ్గరున్న తాళంచెవులు, పాస్‌వర్డులు ఫైనల్ సెటిల్‌మెంట్ కన్నా ముందే తీసుకోండి.